కుందేలును, దాని గూడును



కుందేలనగానే మనవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది చందమామ. చంద్రునిలోని మచ్చను శశమని భావించి ఆయనకు శశాంకుడని పేరు పెట్టిరి. పంచతంత్రమున సింహమును నూతిలో పడవేసిన బుద్ధిశాలియు కుందేలే. లేని వస్తువును చెప్పవలసివచ్చినపుడు తార్కికులు కుందేటి కొమ్మును పేర్కొనిరి. మొండివానిని చెప్పవలసివచ్చినపుడు పల్లెవారు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించువానిని చూపిరి. ఇన్ని కథలలోను, సామెతలలోను కుందేలు పొలములో నున్నది, పొదలో నున్నది, ఆకాశమునను ఉన్నది; బోనులో మాత్రము లేదు. నేడు మన పట్టణములలోని యంగళ్ళయందు ఇనుపతీగల పంజరములలో ఒదిగి కూర్చున్న తెల్లని, యెఱ్ఱకన్నుల జంతువు వేఱొక జాతిది, దూరదేశమునుండి వచ్చినది. అది యెచ్చటిది, దానిని గూటిలో పెట్టినదెవరు, ఆ గూటినుండి దానిని వెలికి తీయుటకు కొందఱు ఏల పాటుపడుచున్నారు అనునదియే నేటి నా ప్రసంగవిషయము.

మన పొలములలోని కుందేలు బొరియ త్రవ్వదు. గడ్డిదుబ్బుల చాటున నేలమీదనే చిన్న పల్లమువంటి చోటు చేసికొని పండుకొనును. దాని పిల్లలు ఒంటినిండ బొచ్చుతోను, తెఱచిన కన్నులతోను పుట్టును. సీమకుందేలన్ననో నేలలో బొరియలు త్రవ్వి గుంపుగా కాపురముండును. దాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు మూసికొని, ఎలుకపిల్లలవలె పుట్టును. ఈ రెండు జాతులు కలిసి సంతానము కనవు. ఇంగ్లీషువారు వీనికి వేఱువేఱు పేర్లు పెట్టుకొనిరి. మనము రెంటిని ఒకే పేర పిలుచుచున్నాము.

ఈ పేరు కలియుటవలన ఒక చిక్కు కలుగుచున్నది. కోతలకాలమున పిల్లలు చేనిలో కుందేటిపిల్ల నొంటరిగా చూచి, తల్లి విడిచిపోయినదని జాలిపడి యింటికి తెత్తురు. తల్లి విడిచిపోలేదు. శత్రువులకు జాడ తెలియకుండుటకై తాను దూరముగ నుండి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వచ్చి పాలిచ్చిపోవుట ఆ జాతి స్వభావము. అట్టి పిల్లను ఎత్తుకొనివచ్చిన చోటనే తిరిగి దింపివచ్చినయెడల అది బ్రతుకును. ఇంట నుంచి ఆవుపాలు పట్టినయెడల తఱచుగ చచ్చును. అదియునుగాక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పొలపు కుందేటిని పట్టుటయు, ఇంట పెంచుటయు నేరము. కావున నేనిక చెప్పబోవునదంతయు సీమకుందేటిని గూర్చియే యని గ్రహింపగోరెదను.

దాని జన్మభూమి స్పెయిన్, పోర్చుగల్ దేశములును, దక్షిణ ఫ్రాన్సును. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున వార్రో అను రోమకపండితుడు వ్యవసాయమును గూర్చి వ్రాసిన గ్రంథమున, గోడ కట్టిన తోటలలో కుందేళ్ళను పెంచు విధమును చెప్పుచు, స్పెయిన్ దేశపు కుందేటినిగూడ పేర్కొనెను. తరువాతి శతాబ్దమున ప్లినీ యను నాతడు మఱొక వింత వ్రాసెను. బాలెయారిక్ దీవులవారు కుందేళ్ళ బాధ పడలేక, పంటలు రక్షించుటకు సైనికులను పంపుమని అగస్టస్ చక్రవర్తిని వేడుకొనిరట! కుందేళ్ళమీదికి దండు నడుపుట యనగా వినువారికి నవ్వు వచ్చును. అడవిపందులును, కోతులును చేల పడిన యూళ్ళవారు మాత్రము నవ్వరనుకొందును.

రోమకులు దానిని తినుటకే పెంచిరి. అయినను ముద్దుకై పెంచినవారు ఆనాడును ఒకరిద్దఱు లేకపోలేదని తోచుచున్నది. ఇంగ్లండు దక్షిణతీరమున ఫిష్‌బోర్న్ అనుచోట రోమకుల నాటి భవనశిథిలములలో 1964లో 4 సెంటీమీటర్ల యెముకముక్క యొకటి దొరికెను. అది యేమియో యెవరికిని తెలియక 2017 వరకు పెట్టెలో పడియుండెను. పరీక్షింపగా క్రీస్తుశకము మొదటి శతాబ్దపు కుందేటి కాలియెముక యని తేలినట్లు 2019లో ప్రకటించిరి. దానిపై కత్తిగాటు లేదు. నిర్బంధమున పెరిగిన జంతువని లక్షణములు తెలుపుచున్నవి. ధనికుడెవడో వింతకై ఇంట నుంచుకొని యుండవచ్చునని పండితుల యూహ. ఒక చిన్న యెముకనుండి ఇంతకంటె ఎక్కువ పిండుట నాకును సమ్మతము గాదు.

మఱి దీనిని మచ్చిక చేసినదెవరు? పుస్తకములన్నియు చాలకాలము ఒకే సమాధానము చెప్పుచు వచ్చినవి. క్రీ. శ. 600 ప్రాంతమున రోమునందలి పోపు గ్రెగరీ, అప్పుడే పుట్టిన కుందేటిపిల్లలు మాంసములోనికి రావనియు, క్రైస్తవులు నలువది దినముల ఉపవాసకాలమున వానిని తినవచ్చుననియు ఆజ్ఞ యిచ్చెనట. అది మొదలు ఫ్రాన్సులోని సన్యాసులు మఠములలో కుందేళ్ళను పెంచిరట. కథ ముచ్చటగనే యున్నది. శాస్త్రజ్ఞులుకూడ ఈ తేదీనే పట్టుకొని తమ లెక్కలు వేసికొనిరి. 2018లో ఆక్స్‌ఫర్డు పండితులు కొందఱు దీని మూలమును వెదకబోగా, అట్టి యాజ్ఞ యెందును కనబడలేదు. కనబడినది వేఱొకటి. టూర్ నగరమున బిషప్పుగా నుండిన మఱొక గ్రెగరీ ఆఱవ శతాబ్దమున వ్రాసిన చరిత్రలో, రొక్కొలెనుస్ అను నొక యధికారి ఉపవాసదినములలో కుందేటిపిల్లలను తినుచుండెననియు, ఆ పిమ్మట రోగముతో చనిపోయెననియు ఉన్నది. ఇద్దఱి పేరును గ్రెగరీయే యగుటచే, ఒకరు చెప్పిన తప్పు కాలక్రమమున మఱొకరు ఇచ్చిన యనుమతిగా మాఱిపోయినది. మన స్థలపురాణములలోను ఇట్టి కలగాపులగములు అరుదు గావు.

నిజమేమనగా, ఫలాన యేట ఫలానవారు కుందేటిని మచ్చిక చేసిరని చెప్పుటకు వీలులేదు. వేట, గోడకట్టిన తోట, బొరియల దిబ్బ, కడపట కొయ్యగూడు, ఇట్లు ఒకదానివెంట నొకటి వచ్చినవి. 2014లో వెలువడిన పరిశోధన యొకటి పెంపుడు కుందేళ్ళ బీజద్రవ్యమును దక్షిణ ఫ్రాన్సులోని అడవికుందేళ్ళ బీజద్రవ్యముతో పోల్చిచూచి, మెదడునకును నరములకును సంబంధించిన తావులలో చిన్నచిన్న మార్పులు అనేకము కలవని తేల్చెను. అనగా మనుష్యుని చూచిన భయము కొంత తగ్గినది, పోలేదు. ఈ మాటతో ముందు మనకు పనియున్నది.

నార్మను ప్రభువులు పండ్రెండవ శతాబ్దమున దీనిని ఇంగ్లండునకు తెచ్చి, మట్టిదిబ్బలు పోయించి, కావలివారిని పెట్టి పెంచిరి. మాంసమును తోలును దొరలవి. ఆ దిబ్బలలో కుందేలు తన యిచ్చవచ్చినట్లు త్రవ్వుకొనుచు, పరుగిడుచు నుండెను గనుక చచ్చువరకైనను కుందేలుగానే బ్రతికినది. పందొమ్మిదవ శతాబ్దమున పట్టణములు పెరిగి, కూలిజనులు ఇఱుకు పెరళ్ళలో కాపురముండవలసివచ్చినపుడు గూడు ప్రబలినది. వంటింటి తుక్కుతో పెరుగును, నెలకొక యీత యీనును, కూయదు, అఱవదు. పేదవానికి ఇంతకంటె చౌకయైన మాంసము లేదు. అదే కాలమున ప్రదర్శనలు మొదలై, చెవులు వ్రేలాడునవి, ఉన్నివంటి బొచ్చు గలవి, మేకపిల్లయంత బరువు గలవి యని జాతులు లెక్కకు మిక్కిలి యయ్యెను.

అమెరికాలో 1898 మొదలు 1901 వఱకు బెల్జియన్ కుందేటి పిచ్చి యొకటి పట్టినది. ఓడలమీద వేలకొలది దిగుమతి చేసికొనిరి. పెంచువాడు మాంసము తినువానికి గాక మఱొక పెంచువానికే అమ్ముచు, వాడింకొకనికి అమ్ముచు, వెలలు ఆకాశమునకెక్కెను. కొనువారు తీఱిపోయినదినమున కుందేళ్ళను అడుగువాడే లేడు. మన దేశమున 2012 ప్రాంతమున ఈము పక్షుల పెంపకమున సొమ్ము పోగొట్టుకొనిన రైతులకు ఈ కథ వివరించి చెప్పనక్కఱలేదు.

ఇచ్చట నేను ముఖ్యమని తలచు మాట యొకటి చెప్పెదను. మాంసమునకు పెంచు కుందేటిని పది పండ్రెండు వారములలో కోయుదురు. ఆ గూటి కొలత ఆ రెండుమూడు నెలలకు సరిపోవునట్లు ఏర్పడినది. జంతువు తిరుగక, బరువు తగ్గక, చేతికి సులభముగ అందుటయే దాని ప్రయోజనము. కదలక కూర్చుండుటవలన వెన్నెముక క్షీణించుట, పళ్ళు వంకరపోవుట, అరికాళ్ళు తీగలకు ఒఱసి పుండ్లు పడుట, ఇవన్నియు తెలియవచ్చుటకు నెలలు, సంవత్సరములు పట్టును. కోయబడు కుందేలు అంతకాలము బ్రతుకదు గనుక గూటిలోని దోషము ఎవరికిని కనబడలేదు. బాగుగ పెంచినచో ఈ జంతువు ఎనిమిది మొదలు పండ్రెండేండ్లు బ్రతుకును. కసాయివానికై కట్టిన గూడు పసివాని చేతికి వచ్చినదినమున, దాని కొలత మార్చవలెనని ఎవరికిని తోచలేదు.

పసివాని చేతికి అది యెట్లు వచ్చెను? బీట్రిక్స్ పోటర్ అను నింగ్లీషు చిత్రకారిణి తాను పెంచుకొనిన పీటర్ అను కుందేటి పేర ఒక కథ వ్రాసి, బొమ్మలు వేసి 1902లో ప్రకటించెను. నీలపు కోటు తొడిగిన కుందేలు లక్షలాది పిల్లలకు చెలికాడయ్యెను. ఆ కథలో పీటరు తండ్రిని తోటవాని భార్య వండివేసినట్లును ఉన్నది. అనగా ఆనాటి యిండ్లలో రెండు భావములును ప్రక్కప్రక్కనే యుండెనన్నమాట. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండులో మాంసమునకు కఱవు రాగా ఇంటింటి పెరటిలోను కుందేటి గూళ్ళు వెలసెను. పిల్లలు పేర్లు పెట్టి, ఆకులు మేపి పెంచిన జంతువులను పెద్దలు పండుగనాడు కోసిరి. యుద్ధము ముగిసినది, కోయుట తగ్గినది. గూళ్ళు పెరటిలోనే నిలిచినవి.

దీనికి పండుగయు తోడయ్యెను. ఈస్టరు పండుగనాడు కుందేలు వచ్చి పిల్లలకు రంగుగ్రుడ్లు ఇచ్చునని జర్మనులలో ఒక వేడుక కలదు. 1682 నాటి వ్రాతలోనే దాని ప్రస్తావన యున్నది. చిత్రమేమనగా ఆ వేడుకలోనిది మన పొలపు కుందేటివంటి జాతియే. జర్మనులు అమెరికాకు వలసపోయి ఆ యాచారమును వెంట గొనిపోగా, అచ్చట సీమకుందేలు దాని స్థానము నాక్రమించెను. ఏటేట పండుగముందు పిల్లకుందేళ్ళను కొని పిల్లలకు బహుమానమిచ్చుట, నాలుగైదు నెలలకు అవి పెద్దవై కొఱుకుచు, త్రవ్వుచు, ఇల్లంతయు తడుపుచుండగా ఉద్యానవనములలో విడిచివచ్చుట సామాన్యమైనది.

విడిచిన కుందేటి గతి యేమి? ఇచ్చట కొంచెము ఆస్ట్రేలియా చరిత్రను చూడవలెను. 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటవేడుకకై ఇంగ్లండునుండి 24 కుందేళ్ళను తెప్పించి విక్టోరియా రాష్ట్రమున తన బార్వన్ పార్కు ఎస్టేటులో విడిచెను. ఏబదియేండ్లలో అవి ఖండమున ఎక్కువభాగము నాక్రమించి గొఱ్ఱెల మేతను నేలమట్టము చేసెను. పశ్చిమరాష్ట్రమువారు 1901 మొదలు 1907 వఱకు 3,000 కిలోమీటర్లకు పైగా కంచె వేసిరి. కంచె ఆపలేదు. 1950లో మిక్సొమటోసిస్ అను వ్యాధిని బుద్ధిపూర్వకముగ కుందేళ్ళలో విడిచిరి. 1952లో ఫ్రాన్సులో ఒక వైద్యుడు తన తోటలోని కుందేళ్ళను వదిలించుకొనుటకు ఆ వ్యాధినే తెప్పించి రెండింటికి అంటించెను. మఱుసటి యేటికి అది సముద్రము దాటి ఇంగ్లండు చేరెను. దోమలును, గోమార్లవంటి పురుగులును మోయు వ్యాధికి అడవికుందేలేది, పిల్లవాని గూటిలోని కుందేలేది? 1984లో చైనాలో బయలుపడిన రక్తస్రావపు వ్యాధియు, 2010లో ఫ్రాన్సులో కనిపించిన దాని రెండవ రూపమును ఇట్లే ఖండములు దాటినవి. ఐరోపాలో ఈ రోగములకు టీకాలు వేయుచున్నారు. క్వీన్స్‌లాండు రాష్ట్రమున నేటికిని ఇంట కుందేటిని పెంచుట నేరము.

పైది విడిచిన కుందేళ్ళు బ్రతికిన చోటి కథ. తక్కినచోట్ల తెల్లని పెంపుడు కుందేలు కుక్కకో, గ్రద్దకో దినములలో ఎర యగును. దాని తెలుపును చూచి మనిషి కొనెను. దాని తెలుపును చూచియే గ్రద్ద దిగును.

ఇక దాని శరీరమును గూర్చి నాలుగు మాటలు. పశువుల పాటెఱిగిన మీకు ఇది తేలికగ బోధపడును. ఆవు మేసిన గడ్డిని పండుకొని నెమరు వేయును. కుందేటికి నెమరు లేదు. దాని బదులు చిన్నప్రేవు పెద్దప్రేవుతో కలియుచోట నొక పెద్దసంచి కలదు. గడ్డి అందులో పులిసి, మెత్తని గుత్తులుగా వెలికి రాగా, కుందేలు వానిని నేలబడనీయక నోటితో తీసికొని తిరిగి తినును. తెలియనివారు దీనిని చూచి రోతపడి కొట్టుదురు, లేదా జబ్బు చేసినదని భ్రమింతురు. అది దానికి నెమరువంటిదే. ఈ యంత్రము నడచుటకు ఎండుగడ్డి రేయింబవళ్ళు ముందుండవలెను. దాని పళ్ళు జీవితాంతము పెరుగుచునే యుండును. ముందుపళ్ళు వారమునకు రెండు మిల్లీమీటర్ల వఱకు పెరుగును. గడ్డి నమలుటవలననే అవి అఱుగును. బొమ్మలలోని కుందేలు క్యారెట్టు తినును గాని, తీపి గల ఆ దుంప దానికి పిడికెడు బెల్లమువంటిది. ఎప్పుడైన ఒక ముక్క చాలును. అన్నము, రొట్టె, బిస్కత్తులు దానికి మేత కానేకావు.

నేనెఱిగిన యొక యింట మనుమరాలి ముచ్చటకై తెచ్చిన కుందేటికి ఆమె తినినదెల్ల పెట్టిరి. ఇడ్డెన, అటుకులు, జామపండు, ఒకటేమి! ఏడాది తిరుగకముందే అది మేత ముందు కూర్చుండి తినలేక చొంగ కార్చసాగెను. దిష్టి తగిలినదని ఎఱ్ఱనీళ్ళు తిప్పిరి. పశువైద్యుడు నోరు తెఱచి చూచునప్పటికి దవడపళ్ళు ములుకులై నాలుకను కోయుచుండెను. వానిని అఱుగదీసి, గడ్డికి మరపిన పిమ్మట అది నాలుగేండ్లు బ్రతికినది. అంతకుముందు దాని బాధ ఇంటిలో ఒక్కరికైనను తెలియకపోవుటకు కారణము కలదు. నలుగురికి ఆహారమైన ప్రాణి తన నొప్పిని బయటపెట్టదు. పెట్టినదానిని శత్రువు ముందుగా ఏరుకొనును. కావున కుందేలు ఒకపూట మేత ముట్టలేదన్నచో, పెంట వేయలేదన్నచో, అదే దాని కేక. దానికి వాంతి చేసికొను శక్తిలేదు. ప్రేవులు నిలిచిపోయినచో ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును.

ఎత్తుకొనుటలోను అట్లే. చెవులు పట్టి యెత్తుట క్రూరము. దాని యెముకలు తేలిక, వెనుకకాళ్ళ బలము ఎక్కువ. భయపడి తన్నుకొనినపుడు దాని వెన్నును అదియే విఱుచుకొనును. వెల్లకిల పండుకొనబెట్టినచో కదలక పడియుండుటను చూచి, హాయిగా నున్నదని నవ్వుకొను వారు కలరు. అది హాయి గాదు, చచ్చినట్లు పడియుండు భయము. తగ్గినదే గాని పోలేదని నేను ముందు చెప్పిన భయము ఇదియే.

ఈ సంగతులన్నియు ఒకచోట చేర్చి గృహస్థులకు చెప్పవలెనను ఉద్యమము మిక్కిలి యిటీవలిది. 1985లో మారినెల్ హారిమన్ అను అమెరికా స్త్రీ, కుందేటిని పెరటి గూటిలో గాక ఇంటిలో మనుష్యుల నడుమ పెంచు విధమును గూర్చి పుస్తకము వ్రాసెను. 1988లో ఆమెయు, మఱికొందఱును కలిసి కాలిఫోర్నియాలో హౌస్ రాబిట్ సొసైటీ యను సంఘమును స్థాపించిరి. ఆ దేశమున దిక్కులేని జంతువులను నగరపాలక సంస్థలు కొన్నాళ్ళుంచి, తీసికొనిపోవువారు లేనియెడల చంపుట కలదు. గడువు తీఱిన కుందేళ్ళను సంఘమువారు తెచ్చి తమ యిండ్లలోనే యుంచి, వైద్యము చేయించి, తగిన యిల్లు దొరికినపుడు ఇచ్చుచు వచ్చిరి.

రక్షించుట యొకటే చాలదని వారు త్వరలోనే గ్రహించిరి. ఒకదానిని తెచ్చిన, నాలుగు మఱల వచ్చుచుండెను. కారణము గృహస్థుల క్రౌర్యము కాదు, అజ్ఞానము. అంగడివాడు రెండును ఆడవే యని యిచ్చిన జంటలో ఒకటి మగదై తేలును; మోయు కాలము ముప్పదియొక్క దినములు మాత్రమే, ఈనిన నాడే మఱల చూలు కట్టగలదు. ఒక్కయేటిలో ఇల్లు నిండిపోయిన గృహస్థు దిక్కుతోచక సంచిలో వేసి వదలివచ్చును. కావున ఆ సంఘమువారు ఆడుదానికిని మగదానికిని శస్త్రచికిత్స చేయించినగాని యెవరికిని ఇయ్యరు. ఎద్దును సాధువు చేయుట యెట్టిదో మీకు తెలియును. మగకుందేటికిని అట్టి గుణమే కలుగును, గోడలమీద మూత్రము చల్లుట మానును. ఆడుదానికి వయసు మీఱినకొలది గర్భాశయమున వచ్చు పుట్టకుఱుపు ఈ జాతిలో మిక్కిలి యెక్కువ. శస్త్రచికిత్సవలన ఆ గండము తప్పును. ఇక వారు తెలిపిన సంగతులలో జనులకు ఆశ్చర్యము కలిగించినది మఱొకటి: కుందేలు ఒకమూల నుంచిన పెట్టెలోనే మలమూత్రములు విడుచుట నేర్చుకొనగలదు. పెట్టెలో కాగితపు పొట్టు పఱచి, ఒకవైపు గడ్డి పెట్టినచో చాలును. ఈ చిన్న సంగతి తెలియుటతోనే గూటి యవసరము సగము తీఱినది.

2002లో ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరమందలి శాఖవారు, పండుగకు ప్రాణమున్న కుందేలు వలదు, చాకొలెట్టుతో చేసిన కుందేలే చాలునని ప్రచారము ప్రారంభించిరి. నాకు ఆ తెలివి నచ్చినది. పిల్లవాని ముచ్చట తీఱును, సాయంకాలమునకు బొమ్మయు కడుపులోనికి పోవును, ఎవరికిని బాధ్యత మిగులదు.

ఇంగ్లండులో 1996లో ఏర్పడిన సంఘము గూటి సమస్యనే పట్టుకొని, గూడొక్కటి చాలదను నినాదముతో పనిచేసినది. రెండు కుందేళ్ళకు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు గల చోటు ఎల్లప్పుడు తిరుగుటకు ఉండవలెనని వారి కొలత. రెండు అని ఏల చెప్పిరన, ఈ జంతువు గుంపులో పుట్టినది. ఒంటరి కుందేలు ఒంటరి ఖైదీవంటిది.

కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయపు ఆవరణలో జనులు విడిచిన పెంపుడు కుందేళ్ళు పెరిగి 2010 నాటికి సుమారు 1,600 అయినవి. ఆట మైదానములు బొరియలమయమయ్యెను. అధికారులు కొన్నింటిని చంపించగా జనులు న్యాయస్థానమున కెక్కిరి. కడపట వందలకొలది కుందేళ్ళకు శస్త్రచికిత్స చేయించి ఆశ్రయములకు తరలించిరి. కొన్ని అమెరికాలోని టెక్సస్ వఱకు ప్రయాణము చేసెను. 2011 నాటికి ఆవరణ ఖాళీ అయినది. ఒక్కొక్క విద్యార్థి సెలవులకు పోవుచు విడిచిన ఒక్కొక్క కుందేటికి ఎంత ద్రవ్యము, ఎందఱి శ్రమ పట్టినదో లెక్కించుట కష్టము.

తరువాత చట్టములు వచ్చినవి. కాలిఫోర్నియాలో 2019 జనవరి 1 మొదలు అంగళ్ళలో అమ్మునట్టి కుక్కలు, పిల్లులు, కుందేళ్ళు ఆశ్రయములనుండి వచ్చినవై యుండవలెనని శాసించిరి. 2021 మొదలు అంగడి యమ్మకమునే నిషేధించిరి. న్యూయార్కు రాష్ట్రమున 2024 డిసెంబరులో అట్టి నిషేధమే అమలులోనికి వచ్చెను. మన దేశమున 2018 నాటి నియమముల ప్రకారము, కుందేళ్ళతో సహా పెంపుడు జంతువులను అమ్ము ప్రతి యంగడియు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు కావలెను. కొనువారు ఆ నమోదుపత్రమును చూపుమని అడుగవచ్చును.

మీ యిండ్లలో మనుమలు ఇదివఱకే కుందేటిని తెచ్చియుండవచ్చును. దానిని ఏమి చేయవలెనని అడుగుదురేని, చేలలో మాత్రము విడువకుడు. గూటి తలుపు తీసి, కుక్కలు రాని వసారాలోనో, తడిక కట్టిన పెరటిమూలనో తిరుగనిండు. పచ్చికను కోసి నీడపట్టున ఎండబెట్టిన గడ్డి ఎప్పుడును ముందుంచుడు. ఉత్త వరిగడ్డిలో సారము తక్కువ. తీగల నేలమీద గోనెపట్టా పఱవుడు. విద్యుత్తీగలు అందకుండ చూడుడు, అది వేళ్ళను కొఱికినట్లే వానిని కొఱుకును. అన్నిటికంటె పెద్ద గండము మన వేసవి. ఈ జంతువునకు చెమట పోయదు. ఒంటి వేడి చెవులనుండియే పోవలెను. ముప్పది డిగ్రీలు దాటిననే దానికి కష్టము, మనకో రోహిణీకార్తెలో నలువది దాటును. ఆ దినములలో రేకుల క్రింద ఉంచరాదు. తాటాకు నీడలోనో, మట్టిమిద్దె లోపలనో ఉంచి, చెవులను తడిచేతితో నిమిరి, చన్నీళ్ళు నింపి మూత కట్టిన మట్టికుండ నొకదానిని ప్రక్కన నుంచినయెడల, అది తానే వచ్చి ఆ కుండకు ఒంటి నానించి పండుకొనును.